మా మేనత్త టీవీలో పాడిన రోజు

మొన్న ఆదివారం రాజాంలో మా అమ్మాయి ఇంట్లో అందరం కూర్చుని టీవీలో పాటల పోటీ చూస్తుంటే, మన వైపు నుంచి వెళ్ళిన ఒక పిల్ల "ఏటి సార్" అనగానే న్యాయనిర్ణేతలు కుర్చీల్లోంచి జారిపోయేంతగా నవ్వారు. ఇదంతా ముందే రాసిస్తారని మా వియ్యపురాలంది. కాదు, పేరు కోసం ఆ పిల్లే అలా మాట్లాడుతోందని మా అల్లుడన్నాడు. మనవరాలు మాత్రం విరగబడి నవ్వింది. వయసులో ఉండగా నేను హైదరాబాదులో అలాంటి కార్యక్రమాలకే పనిచేశాను కనుక ఏది నిజమో నన్ను చెప్పమన్నారు. తోచిందేదో చెప్పి తప్పించుకున్నాను.

నా ఈడువారికైతే చెప్పుకోవచ్చు. నాది చాలా చిన్న ఉద్యోగం. ప్రేక్షకులుగా తెచ్చిన జనాన్ని వరసల్లో కూర్చోబెట్టి, దర్శకుడు ఒక వేలు చూపిస్తే చప్పట్లకీ, రెండు వేళ్ళు చూపిస్తే నవ్వులకీ కెమెరా వెనక నుంచి చెయ్యెత్తి సైగ చేసేవాణ్ణి. ఒక్కోసారి పాడేవాళ్ళు ఇంకా రాకముందే జనం చేత కళ్ళు తుడిపించి, ఆ ముఖాలు తీసి దాచుకునేవాళ్ళం.

కళింగపట్నంలో మా మేనత్త చేపలు ఎండబెట్టి అమ్ముకునేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఇసుకలో ఆరబోసిన నెత్తళ్ళ చేపలు తిరగేస్తూ ఆవిడ పాడుతుంటే పడవలు లాగే మగవాళ్ళు ఆగి వినేవారు. మా దర్శకుడికి పల్లెటూరి గొంతు ఒకటి కావలసివస్తే నేనే వెళ్ళి తీసుకొచ్చాను. పెద్దవాళ్ళ దగ్గరకు ఉత్త చేతులతో వెళ్ళకూడదని, ఎండు నెత్తళ్ళు మూటగట్టుకుని, కొత్త చీరతో రైలెక్కింది.

స్టూడియోలో పాట పూర్తిగా పాడింది. ఆ తర్వాత మూట సంగతి తెలిసిన దర్శకుడు, దాన్ని వేదిక మీదే న్యాయనిర్ణేతకు ఇమ్మన్నాడు. "మా సముద్రం సేపలు బాబూ, నా సేత్తో ఎండబెట్టినాను, తిని సూడండి" అంటూ ఆవిడ రెండు చేతులా అందిస్తే, ఆయన ముందే అనుకున్న ప్రకారం ముక్కు మూసుకుని కుర్చీ వెనక్కి పరుగెత్తాడు. దర్శకుడు రెండు వేళ్ళు చూపించాడు. నేను చెయ్యెత్తాను. హాలంతా నవ్వింది. ఆ నవ్వు చాలలేదని మళ్ళీ, మళ్ళీ చేయించారు. మూడోసారి ఆవిడ కళ్ళు నా మీద పడ్డాయి. తననే పలకరిస్తున్నాననుకుని, నవ్వుతూ తనూ చెయ్యూపింది.

ఆ కార్యక్రమం వచ్చిన సాయంత్రం, సెలవు పెట్టి వచ్చిన నాతో సహా ఊరంతా అత్త వాకిట్లోనే ఉంది. పాట ఒక్క చరణమైనా రాలేదు. ముక్కు మూసుకోవడం మాత్రం తిప్పి తిప్పి చూపించారు. అంతమంది నవ్వుతుంటే మధ్యలో ఆవిడ పిచ్చిదానిలా చెయ్యూపుతూ కనిపించింది. మా ఊరివాళ్ళూ నవ్వారు.

"ఒరే, నా పాటేదిరా?" అంది నావైపు తిరిగి.

"టైము సరిపోలేదత్తా" అన్నాను.

మర్నాటి నుంచి సంతలో ఆవిడ గంప దించితే చాలు, ఎవరో ఒకరు ముక్కు మూసుకునేవారు. ఏళ్ళ తరబడి ఆవిడ దగ్గరే కొన్న ఆడవాళ్ళు కూడా ఆ వేషం వేశాకే బేరమాడేవారు. ఆవిడ పాడటం మానేసింది. కార్యక్రమాన్ని జనం ఎగబడి చూశారు కాబట్టి నాకు ప్రమోషన్ వచ్చింది. నేను ఉద్యోగం మానలేదు, నిజమూ చెప్పలేదు. ఆఖర్న అత్త మంచం పట్టినప్పుడు, చూడవచ్చినవాళ్ళందరితోనూ, "అంతమందీ నవ్వినారు గానీ, మా మేనల్లుడొక్కడే నాకు సెయ్యూపినాడు" అని గొప్పగా చెప్పుకునేది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి.

ఈ మధ్య కళింగపట్నం వెళ్ళాను. చేపలు తిరగేసే ఆడవాళ్ళు ఫోన్లలో పాటలు పెట్టుకుని పనిచేసుకుంటున్నారు, ఒక్కరూ నోరు విప్పి పాడటం లేదు. మా అత్త టీవీలో పాడిన పాట మీకెవరికైనా వచ్చా అని అడిగితే, "ఏ పాట బాబూ? మొదలేటో సెప్పు" అందొకావిడ. చెప్పలేకపోయాను. స్టూడియోలో ఆ క్యాసెట్ మీద ఎప్పుడో ఇంకేదో ఎక్కించేశారు. ఆ రోజు ఆవిడ పాడినంతసేపూ నేను దర్శకుడి వేళ్ళకేసి చూస్తున్నాను, పాట వినలేదు.