పొర దాటిన బుడగ

వీధిలో ఆయన్ని బుడగల మాస్టారంటారు. ఎవరికీ అక్షరం ముక్క నేర్పిన పాపాన పోలేదు గానీ, వాతావరణ కేంద్రంలో ప్రతి బుధవారం మనిషెత్తు బుడగను గాలిలోకి వదలడం ఆయన ఉద్యోగం. దానికి వేలాడే చిన్న పెట్టె పైకి పోతూ ఓజోన్ ఎంతుందో చెబుతుంది. మన నెత్తిమీద ఇరవై, పాతిక కిలోమీటర్ల ఎత్తున ఆ వాయువు కాస్త చిక్కగా ఉంటుంది. ఎండలో ఒళ్ళు కాల్చే కిరణాల్ని అడ్డుకునేది అదే. అంతా పోగేసి నేలమీదికి దించితే రెండు నాణేల మందం ఉంటుందట, అంతే. ఆపాటి దాని చాటునే మనందరం వేషాలు వేస్తున్నాం.

భార్య పోయి నెల తిరగలేదు. మాస్టారు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. పెట్టింది తింటున్నాడు, పడుకోమంటే పడుకుంటున్నాడు. తోడుండటానికి వచ్చిన అక్కకు అదే గుబులు.

"ఒక్కసారి ఏడవరా తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది."

"రావడం లేదక్కా," అన్నాడు, కుళాయిలో నీళ్ళ సంగతి చెప్పినట్టు.

పోయిన బుధవారం చేతి తొడుగులు లేకుండానే బుడగ పట్టుకున్నాడు. చేతి జిడ్డు అంటిన చోట ఆ పల్చటి రబ్బరు పైకెళ్ళాక చలికి చిట్లిపోతుంది. అలాగే అయింది, పొరను చేరకముందే పేలింది. సర్వీసంతటిలో చెయ్యని పొరపాటు. కేంద్రానికి పెద్దయిన మేడమ్ కేకలెయ్యలేదు. "ఇవాళ కూడా అలాగైతే మిమ్మల్ని స్టోర్స్‌కి పంపక తప్పదండీ," అంది ఈ ఉదయం. బుడగలు తప్ప వేరే లోకం తెలియని మనిషికి అదెంత దెబ్బో బుర్రకు తెలుసు, మనసుకే అంటలేదు.

తొడుగులు వేసుకున్నాడు. గ్యాసు నింపి, మూతి బిగించి కట్టి, వదిలాడు. లోపలికొచ్చి కంప్యూటర్ తెర ముందు కూర్చున్నాడు. ఓజోన్ ఎంతుందో చూపే గీత చాలాసేపు నేలబారుగా పాకి, తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది. బాగా పైకి లేచి, మళ్ళీ దిగసాగింది. అంటే బుడగ పొరను దాటేసినట్టే.

"మీ చోటు మీదేనండీ," అంది మేడమ్ నవ్వుతూ.

మాస్టారు తలూపి వరండాలోకి వెళ్ళి, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ ఇంటికి ఫోన్ చేశాడు.

"దాటిందే," అన్నాడు. "వడ్డించెయ్, వచ్చేస్తున్నా."



"నేనురా, అక్కని."

"తెలుసక్కా," అన్నాడు. అబద్ధం. అప్పటిదాకా తెలియదు, ఇప్పుడే తెలిసింది. మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా గుక్కపెట్టి ఏడ్చాడు. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు, ఊరుకోమనీ అనలేదు.