కొంగు కింద వాటా

నల్లకోటు వేసుకుని మదనపల్లె కోర్టులో తిరగడం మొదలుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తొంభైల చివరి రోజులు. నాకంటూ సొంత కేసు ఒక్కటీ లేదు. సీనియరు గారి ఫైళ్లు మోయడం, వాయిదాలు రాసుకోవడం, మధ్యాహ్నం క్యారియర్ విప్పడం, అంతే నా ప్రాక్టీసు. అలాంటి నన్ను వెతుక్కుంటూ పుంగనూరు నుంచి ఒకామె వస్తే నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. భర్త ఉన్నప్పుడు ఆయనతో, పోయాక ఒక్కతే, పశువుల సంతలో బేరాలు చేసి బతికిన మనిషి. నాలుగు ఆవులు అమ్మి చెనక్కాయలు ఒలిచే మిల్లు పెట్టింది. కుప్పంలో ఒక డీలరు ఆమెకు అంటగట్టిన మిషను పొట్టుతోపాటు వేరుశనగ గింజనూ నుజ్జు చేసేది. మార్చమంటే మార్చలేదు, డబ్బు తిరిగివ్వమంటే ఇవ్వలేదు. మిల్లు మూతపడింది.

"పెద్ద లాయర్లు ముందర ఫీజు పెట్టమంటాండారు. నా దగ్గర యాడుండాది? కోర్టు ఖర్చుకు ఇంకో ఆవు అమ్ముతా. నీకు మాత్రం గెలిస్తేనే," అంది ఆమె, కోర్టు వరండాలో నిలబడి. నేను నోరు తెరిచేలోపే నా చెయ్యి లాక్కుని, పైట కొంగు కప్పి, నా వేళ్లలో మూడింటిని గట్టిగా పట్టుకుంది. "వచ్చేదాంట్లో పదికి ఇన్ని," అంది.

పశువుల సంతలో బేరం అలాగే జరుగుతుంది. ధర నోటితో చెప్పరు, గుడ్డ కింద వేళ్లు పట్టి చెప్తారు. ఒప్పుకోనివాళ్లు విదిలించుకుని తమ లెక్క పట్టి చూపాలి. విదిలించుకోకపోతే బేరం కుదిరినట్టే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే విదిలించుకునేదాన్నా? అబద్ధమెందుకు, విదిలించుకునేదాన్ని కాదు. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, ఆ పదికి మూడుతో మనసులో ఒక స్కూటరు కొని, మా అమ్మను ఎక్కించుకుని ఊరంతా తిప్పేశాను.

మర్నాడు పొంగిపోతూ సీనియరు గారికి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

"గెలిచినదాంట్లో వాటా లాయరు ముట్టకూడదమ్మా. రూలు. ఎదుటివాళ్లకు తెలిస్తే నీ కోటు ఊడుతుంది, ఆమెకు కేసు నడిపే దిక్కుండదు. ఫీజు ఇంత అని ఒకటి చెప్పు. గెలిచినా ఓడినా అదే. కావాలంటే నిదానంగా తీసుకో."

ఆ రూలు చదివి పరీక్ష రాసి పాసైనదాన్ని నేనే. ఆశ కళ్లకు అడ్డం పడింది. సిగ్గుతో పుంగనూరు బస్సెక్కాను.

ఆమెకు నా మాట ఎక్కలేదు. "యాల ఇప్పుతావు? తక్కువైందా?" అంది.

"ఎక్కువైందక్కా."

ఎక్కువైందని బేరం విప్పేవాళ్లను ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నన్ను ఎగాదిగా చూసి తేల్చింది. "కొంగు కింద కుదిరింది కొంగు కిందనే ఇప్పాల. అదీ సంతలో, నలుగురి ముందర. లేకుంటే మాట తప్పినదాన్నని నన్నే అంటారు."

అలా వేళ్ల లెక్క ఆమె దగ్గరే నేర్చుకుని, ఆమెతోనే బేరానికి దిగాను. సంత రోజు, ఆవుల మధ్య, దుమ్ములో, నల్లకోటుతో. వాటా వద్దు, ఫీజే, వేలుకు వెయ్యి రూపాయలు అని ముందే అనుకున్నాం. కొంగు కప్పగానే ఆమె ఐదు వేళ్లూ పట్టింది. విదిలించుకుని రెండు పట్టాను. ఆమె విదిలించి నాలుగు పట్టింది. మళ్లీ రెండు పట్టాను. దళారులు చుట్టూ మూగారు. వాళ్లకు మా మొహాలే కనిపిస్తున్నాయి.

"తీసుకోమ్మా," అంటుంది ఆమె. "అంత వద్దు," అంటాను నేను.

"మీలో అమ్మేదెవురు, కొనేదెవురు? ఆవు యాడుండాది?" అని ఒక దళారి అడిగాడు. సంతంతా నవ్వింది. నాకు చెమటలు కారుతున్నాయి, లోపల మాత్రం ఎగిరి గంతేయాలని ఉంది. ఆఖరికి మూడు వేళ్ల దగ్గర ఇద్దరం ఆగాం. "ముందర పట్టింది మూడే గదా," అని నా చెవిలో చెప్పి, ఆమె గెలిచినట్టు కొంగు దులుపుకుంది.

కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఆ డీలరు దగ్గరే కొని మోసపోయిన ఇద్దరు రైతులను శాంతిపురంలో పట్టుకుని సాక్ష్యానికి తెచ్చాను. ఇక గెలుస్తామనుకుంటున్నప్పుడు, బోనులో ఉన్న ఆమెను డీలరు లాయరు ఉన్నట్టుండి అడిగాడు. "గెలిస్తే వచ్చే డబ్బులో మీ లాయరుకు వాటా ఉంది కదా?"

వరండాలో ఆ రోజు ఎవరు చూశారో. ప్రమాణం చేశాక ఆమె అబద్ధమాడదని నాకు తెలుసు.

"ఉణ్ణింది సార్," అంది ఆమె.

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"సంతలో ఇప్పేసినాము. నేను ఎక్కువ పట్టుకుంటే ఆయమ్మ తక్కువ పట్టింది. పుంగనూరు సంతంతా సూసింది, కావాలంటే పిలిపించండి. ఇప్పుడు వాటా లేదు. ఫీజే."

"ఎంతకు కుదిరింది?"

"అది సెప్పేది కాదు సార్. కొంగు కింద మాట."

జడ్జి గారు తల వంచుకుని రాసుకుంటున్నారు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను. "నెక్స్ట్ క్వశ్చన్," అన్నారు.

తీర్పు మాకే వచ్చింది, మిషను ఖరీదు వడ్డీతో సహా. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. ఆ ఏడే కొత్త మిషనుతో ఆమె మిల్లు మళ్లీ తిరిగింది. ఫీజు ఇవ్వడానికి అదే వరండాలోకి వచ్చింది. మూడు వేలు నా చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా కొంగు కప్పింది. ఇంకేదో పెంచబోతోందని విదిలించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆమె ఐదు వేళ్లూ పట్టుకుంది. అది డబ్బు లెక్క కాదని ఆ పట్టులోనే తెలిసింది. నేను విదిలించుకోలేదు.