మున్వర్ కట్టిన మూటలు

మండలాఫీసు రికార్డు గదిలో ఏ మూట విప్పినా మున్వర్ ముందుగా ఉఫ్‌మని దుమ్ము ఊదుతాడు. వేపాకులు మార్చి, మళ్లీ ఎర్రగుడ్డలో బిగించి కడతాడు. కాగితంలో లేనిది జరగనట్టేనని ముప్పై ఏళ్లుగా అతని నమ్మకం. పోడు భూముల పట్టాలకు ఊరి పెద్దల మాటా సాక్ష్యమేనని 2008లో నిబంధన వచ్చింది. గొణుగుతూనే కారేపల్లి అవతలి తండాకు వెళ్లి, పట్టా అడిగిన పూల్‌సింగ్ చేను గురించి ముసలి ద్వాలి చెప్పింది రాసుకున్నాడు. పోడు కొట్టిన ఏడు, ఆ ఏడు ఈనిన ఆవు రంగు, గట్టు మీది ఇప్పచెట్టుకు పిడుగు పడ్డ రోజు, దేనికీ ఆమె తడుముకోలేదు. వేలిముద్ర వేసి అడిగింది: "రాసుకున్నవ్ గద సారూ, ఇగ నేను మర్చిపోవచ్చా?"

మున్వర్ నవ్వి, ముద్ర ఆరేదాకా ఉఫ్‌మని ఊదాడు. "వద్దవ్వా. దీన్ని చెదలు తింటే మళ్ల నీ దగ్గరికే రావాలె."