పెదనాన్నగారి ప్రార్థన ఫలించిన విధం

మా పెదనాన్న లెక్కల మాస్టారుగా రిటైరై, చర్చి ముందు బళ్లు పెట్టించే సేవకు అంకితమయ్యారు. మెడలో విజిలు, చంకలో బైబిలు. నాలుగు కార్లు పట్టే చోట ఆరు పట్టించగల ఘనుడు. ఎక్కువైన ఆ రెండూ ఎదురింటి ప్లంబరు గేటుకు అడ్డంగా ఉండేవి.

ప్లంబరు అన్యుడు, అంటే క్రైస్తవుడు కాడు. ఆదివారం పొద్దున్నే ఎక్కడో పైపు పగిలిందని ఫోనొస్తే, బండి బయటికి తీయలేక నోటికొచ్చినట్టు తిట్టేవాడు. పెదనాన్న నొచ్చుకుని లోపలికొచ్చి, ఆ నోరు శుద్ధి కావాలని ప్రార్థన మనవి ఇచ్చేవారు.

"ముందు ఆ రెండు కార్లూ తీయించండి, నోరు దానంతటదే శుద్ధవుతుంది" అంది పెద్దమ్మ ఒకసారి.

"నీకు విశ్వాసం తక్కువే" అన్నారాయన.

సంఘమంతా ఏడాదిపాటు ఆ నోటి కోసం మోకరించింది. గేటు సంగతి ఎవరమూ ఎత్తలేదు, నాతో సహా.

ఒక ఆదివారం తిట్లు ఆగిపోయాయి. ప్లంబరు తన ఇంటి మెట్లమీద కూర్చుని తాపీగా టీ తాగుతున్నాడు. పెదనాన్న కళ్లు చెమర్చాయి.

"ఏం బాబూ, మనసు మారిందా?"

"మారింది మాస్టారూ. మీరెలాగూ మారరని తెలిసిపోయింది. శనివారం సాయంత్రమే బండి పక్కవీధిలో పెట్టేసుకుంటున్నా."

పెదనాన్న మైకు అందుకుని సాక్ష్యం చెప్పారు. "మారింది మాస్టారూ" వరకే చెప్పారు. అందరం ఆమెన్ అన్నాం.

మరుసటి వారం ఆ గేటు ముందు మూడో కారు కూడా పట్టించారు.