మా మిక్సర్‌ను మింగింది జనరేటర్ కాదు

మా బ్యాండు సంగతి బీరంగూడలో ఎవరిని అడిగినా ఒకటే కథ చెబుతారు. కిరాయికి తెచ్చిన నర్సింలు జనరేటర్ కరెంటు ఎక్కువ కొట్టి మా మిక్సర్ కాలిపోయిందట. మా ఆయన దానికి ఇంకో ముక్క తగిలిస్తాడు. "ఆయుధపూజ చెయ్యనిస్తే గద ఈమె" అంటాడు. రెండూ తప్పే. ఆరేళ్లుగా ఈ రెండు అబద్ధాల మధ్య కూర్చుని, ఎవరు ఏది చెప్పినా తల ఊపుతున్నాను. అంత తేలిగ్గా తల ఊపే మనిషిని కాను. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట కోసం కూడా ఓడిపోయి ఎరగను. ఈ ఒక్కచోటే నా నోరు పడిపోయింది. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మిక్సర్ అంటే చట్నీలు రుబ్బేది కాదు. మైకులు, కీబోర్డు, ప్యాడ్లు, అన్నిటి చప్పుడునూ ఒకచోట కలిపి, ఎవరిది ఎంత వినపడాలో తేల్చే పెట్టె. మాది ఐదుగురి బ్యాండు. మా ఆయన కీబోర్డు, నేను పాట. ఆయనకు పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, నాకు ఇంట్లో ట్యూషన్లు. పెళ్లి విందులకు, గణపతి మండపాలకు, కంపెనీల వార్షికోత్సవాలకు పాడతాం. వచ్చినదాంట్లో సగం సౌండ్ కిరాయికే పోయేది. మనం పాడుతున్నది సౌండ్ అతన్ని పోషించడానికా అని నేనే రోజూ పోరి, చిట్టీ ఎత్తించి, పాతదే అయినా మంచి మిక్సర్ కొనిపించాను. మా స్కూటర్ కంటే ఖరీదు.

అంతలో దసరా వచ్చింది. ఆ రోజు ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో లేత్ మెషీన్ నుంచి ఫోర్క్‌లిఫ్టు దాకా బొట్టు లేని ఇనుము కనపడదు. మిక్సర్‌కు కూడా పూజ చేద్దామని మా ఆయన ముందురోజే అన్నాడు. నేను బీఎస్సీ ఫిజిక్స్. కరెంటుకు కుంకుమతో పనేమిటని అరగంట వాదించి గెలిచాను. మర్నాడు పొద్దున ఆయన ఫ్యాక్టరీ పూజకు వెళ్లాడు. ఇంట్లో నేనూ మిక్సరూ మిగిలాం.

దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఇది పోతే? మళ్లీ చిట్టీ ఎన్నాళ్లకు? చవక మైకుల ముందు నేనెప్పుడూ నాస్తికురాలినే. స్కూటర్‌ను మించిన ధర ముందు నిలబడ్డాకే నా నాస్తికత్వం ఎంతవరకో తెలిసింది. తలుపు గడియ పెట్టాను. పసుపు రాసి బొట్టు పెట్టాను. గడప మీద కొబ్బరికాయ కొడితే కింది ఇంటివాళ్లు వింటారు, మా ఆయనకు చెబుతారు, గెలిచిన వాదన కాస్తా పోతుంది. అందుకని కాయను చేతిలోనే పట్టుకుని పచ్చడిబండతో కొట్టాను. ఎక్కడ? సరిగ్గా మిక్సర్ పైన. రెండు చుక్కలు దాని మీద పడితే చాలనుకున్నాను. కాయ ఒక్క దెబ్బకే రెండైంది. నీళ్లన్నీ పసుపునూ కుంకుమనూ వెంటబెట్టుకుని మీటల సందుల్లోకి దిగిపోయాయి. అలాంటి నీళ్లు సర్క్యూట్ బోర్డు మీద పడితే ఏమవుతుందో పిల్లలకు పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. కొంగుతో తుడిచాను. ఫ్యాను కింద పెట్టాను. సాక్ష్యం మిగలకూడదని కొబ్బరి మొత్తం తినేశాను.

మూడో రోజు మధ్యాహ్నం చిట్కుల్‌లో పెళ్లి విందు. మొదటి పాట నుంచే స్పీకర్లు గరగరమంటున్నాయి. నేను పాట రెండో చరణంలో ఉండగా కరెంటు పోయింది. మా కార్యక్రమాలన్నిటికీ జనరేటర్ తెచ్చేది నర్సింలే. వెంటనే వేశాడు. స్పీకర్లు ఒక్క కేక పెట్టి మూగబోయాయి, మిక్సర్ నుంచి కాలిన వాసన కొట్టింది. మిగతా పాటలన్నీ మైకు లేకుండానే పాడాను. మైకు ఉన్నప్పటికి, లేనప్పటికి ఏం తేడా తెలియలేదమ్మా అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. మెచ్చుకున్నాడనే అనుకుంటున్నాను.

వేదిక వెనక నర్సింలు స్క్రూలు విప్పి మిక్సర్ అడుగు తెరిచాడు. వెనక నిలబడ్డ నాకు అతని వీపే కనపడింది. చాలాసేపు చూశాడు. లోపల వేలు పెట్టి ఏదో తుడిచి, వాసన చూసుకున్నాడు. మళ్లీ మూసి, ఒక్కో స్క్రూ బిగించి, నా వైపు తిరిగాడు.

"తప్పు నాదే అక్కా. నా జనరేటరే మింగింది మీ మిక్సర్ని. మస్తు ఇష్టంగ కొనుక్కున్నరు."

అప్పుడు చెప్పాల్సింది. నేనన్నది ఇదీ: "సరేలే నర్సింలూ, కావాలని చేసినవా ఏంది."

క్షమించాను. నేను, అతన్ని. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ ఏడాదంతా అతను మాకు జనరేటర్ ఊరికే తెచ్చాడు. వద్దనలేదు. మిక్సర్‌ను రిపేరుకు ఇద్దామని మా ఆయన అంటే, తెరిచినవాడికి కుంకుమ కనపడుతుందని, దండగ ఖర్చంటూ వారం రోజులు వాదించి దాన్ని అటక ఎక్కించాను. మళ్లీ కిరాయి సౌండే దిక్కైంది. ఈలోపు మాట పాకింది. ఫంక్షన్ హాళ్లవాళ్లు నర్సింలును పిలవడం మానేశారు. జనరేటర్ అమ్మేసి, ఇప్పుడు రుద్రారం వైపు కాలేజీ బస్సు తోలుతున్నాడు. నేను కనపడితే హారన్ కొట్టి నమస్తే పెడతాడు.

అప్పుడే ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? మా ఆయన మహా అయితే ఓ నెల నవ్వేవాడు. ఒక నెల నవ్వుకు భయపడి ఒక మనిషి పని పోగొట్టానా? ఇంతకంటే మర్యాదైన కారణం ఏదైనా ఉంటుందేమోనని ఆరేళ్లు వెతికాను. లేదు.

ఇదిగో, చెప్పేశాను. కాస్త తేలిగ్గానే ఉంది. తేలికపడే హక్కు నాకుందా అంటే, ఆ వాదనలో నా పక్షాన నేనే నిలబడలేను.

ఒక్కటి మాత్రం తేలలేదు. పోయిన ఏడు మళ్లీ చిట్టీ ఎత్తి కొత్త మిక్సర్ కొన్నాం. దసరా ముందురోజు నర్సింలు మా సందు మొదట్లో బస్సు ఆపి, మందపాటి ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా ఆయనను అడిగి కొత్త మిక్సర్ కొలతలు తీసుకుని మరీ కుట్టించాడట. "దుమ్ము వడకుంట కప్పున్రి అక్కా" అన్నాడు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. అంత వానలో, సరిగ్గా దసరా ముందురోజే, దుమ్ముకని కవరు తెచ్చిన ఈ మనిషి, ఆనాడు చిట్కుల్‌లో మా మిక్సర్ లోపల ఏం చూసి మూశాడు?