మేనేజరు నడుము దాకా గోరింట

వాడపల్లి పక్కన సున్నపురాయి క్వారీ వాళ్ళ స్టాఫ్ కాలనీలో ఇరవై నాలుగు పెంకుటిళ్ళున్నాయి. అరవై ఏళ్ళ కిందట, బొగ్గు గనుల్లో పనిచేసి వచ్చిన మొదటి మేనేజరు, అక్కడి స్టాఫ్ ఇళ్ళ మాదిరిగానే వీటిని కట్టించాడు. ప్రతి ఇంటికీ ముందు పూలతోట, వెనక కూరగాయల మడి, చుట్టూ గట్టు మీద గోరింట కంచె. కంచె ఎంత ఎత్తుండాలని మాలి అడిగితే "నా నడుము దాకా" అన్నాడట. అతను ఇప్పటి మాలి బక్కయ్యకు తండ్రి. అప్పటిదాకా గొర్లు కాసిన మనిషి, టేపు ఎక్కడ తెస్తాడు? చేతికర్రను దొర పక్కన నిలబెట్టి, నడుము దగ్గర కత్తితో గాటు పెట్టుకున్నాడు.

అదే చట్టమై కూర్చుంది. మేనేజరు మారితే కంచె ఎత్తు మారాల్సిందే. తండ్రి తరువాత కర్రా కత్తెరా బక్కయ్యకు వచ్చాయి. ఇప్పుడా కర్రకు పదకొండు గాట్లు. పొట్టి మేనేజరు వస్తే కాలనీ బోడిదయ్యేది, పొడుగాయన వస్తే గుబురెక్కేది. ఇప్పటి మేనేజరు మురళీధర్ తాటిచెట్టంత మనిషి, పైగా ప్యాంటు రొమ్ము మీదికి కట్టుకునే రకం. బెల్టు ఎక్కడుంటే అదే నడుము అనుకున్నాడు బక్కయ్య. తొమ్మిదేళ్ళుగా బస్సులో పోయేవాళ్ళకు పెంకుల కొసలు తప్ప ఇళ్ళే కనబడలేదు.

ఇంతలో కంపెనీ వాళ్ళకు కొత్త ఆలోచన పుట్టింది. ఇవన్నీ కూలగొట్టి ఐదంతస్తుల ఫ్లాట్లు కడతారట. ముందు ఒక ఇంజినీరు వచ్చి చూస్తుందనీ, ఆమె రాసిందే ఖాయమనీ మురళీధర్ చెప్పాడు. ఫ్లాట్లకు కంచెలెక్కడివి? బక్కయ్యకు అన్నం సయించలేదు. వచ్చేది తండాలోని చాందీ కూతురు నందిని అని తెలియగానే మాత్రం లేచి కూర్చున్నాడు. రాసేది ఆమె అయితే దొర ఆమే, కంచె ఆమె నడుముకే ఉండాలి.

కర్ర పట్టుకుని తండాకు పోయాడు. "చాందమ్మా, నీ బిడ్డ నడుము ఎంత ఎత్తుంటది?"

చాందీ చీపురు ఎత్తింది. సంగతంతా చెప్పాక దించి, పెట్టెలోంచి ఒక లంగా తీసింది. "గిది నా బిడ్డదే. అచ్చం దాని కొలతే."

లంగా పొడుగుకు బక్కయ్య కర్ర మీద పన్నెండో గాటు పెట్టుకున్నాడు. ఎప్పటి లంగా అని అడగాలని ఆ పెద్దమనిషికి తట్టలేదు.

మూడు రోజులు వంచిన నడుము ఎత్తకుండా నరికాడు. ఆ వారం కాలనీలో వాచ్‌మన్‌తో సహా అందరి చేతులూ ఎర్రగా పండాయి.

"ఏమయ్యా, కంచెను గొర్లు మేసినయా?" అని మురళీధర్ అరిచాడు.

"గొర్లు మేస్తె గింత సాపుగ ఉంటదా సార్?"

నందిని రానే వచ్చింది. మంచి పొడగరి. కంచె ఆమె మోకాళ్ళ పైకి కాస్త వచ్చిందంతే. కొలత తప్పిందని బక్కయ్యకు అర్థమైంది. ఆమె మాత్రం రోడ్డు మీదే నిలబడి వరండాలను, బంతి మడులను, వెనక బీరపందిళ్ళను చాలాసేపు చూసింది.

"మిర్యాలగూడ కాలేజీకి రోజూ గీ తొవ్వనే పోయిన కాకా. గింత మంచి ఇండ్లున్నయని తెల్వలే. కంచె ఇంత కిందికి ఎందుకు కొట్టినవ్?"

దాచకుండా చెప్పాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది. "అయ్యో కాకా, అది నా ఒకటో తరగతి లంగా! అమ్మ ఇంకా దాసుకున్నది."

"తప్పయింది బిడ్డా."

ఆమె కర్ర తీసుకుని పక్కన నిలబెట్టుకుని, తాళంచెవితో నడుము దగ్గర గీత గీసింది. "ఇగో, గిది ఇప్పటి కొలత."

బక్కయ్య కంచె వైపు చూశాడు. "రెండు జానలు పెరగాలె బిడ్డా. ఆర్నెల్లు పడతది." ఆర్నెల్లకు ఈ ఇళ్ళే ఉండకపోవచ్చని, ఆ మాట అనేశాక గానీ గుర్తు రాలేదు.

"పెరగనియ్యి. ఇండ్లు ఉంచాలనే రాస్తున్న. ఆర్నెల్లకు వచ్చి నేనే కొలుస్త," అంది నందిని. "రోడ్డు దిక్కు మాత్రం పెంచకు. అమ్మ ఇచ్చిన కొలతే ఉండని."

బక్కయ్యకు సంతోషం పట్టలేక కళ్ళు నిండాయి. అయ్య ఉంటే బాగుండేదనిపించింది.

"మరి నా నడుము సంగతేందయ్యా?" అన్నాడు వెనక నుంచి మురళీధర్.

బక్కయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా నోట్లోనే ఉన్న మాట బయటికొచ్చింది.

"మీరే జర ప్యాంటు కిందికి కట్టుకోండ్రి సార్."