బొజ్జన్న ఎద్దుకు పాడెసుడి

డోన్ సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, చివరికి మా బొజ్జన్న పెదనాన్న కోసం వెతుకుతాడు. ఆయన ఎద్దు ఒంటి మీది వెంట్రుకలు నిమిరి, సుడులు చూసి మంచిదంటే బేరం కుదిరినట్టే. ‘పాడెసుడి’ అన్నాడంటే మాత్రం ఆ ఎద్దు ఉన్న ఇంటి యజమానికి పాడె కట్టవలసిందేనని అర్థం. దాన్ని ఊరికే ఇచ్చినా ఎవరూ తోలుకుపోరు. ఇది ఆయనకు వాళ్ల నాన్న నేర్పిన విద్య. నిజమేనా అని ఒకసారి అడిగి చీవాట్లు తిన్నాను.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఎండాకాలంలో ఆయన సొంత ఎద్దుకు గజ్జి పట్టింది. వేపనూనె రాస్తుంటే మూపురం వెనక ఆయన చెయ్యి ఆగిపోయింది. పాడెసుడి! ఇంటి ఆవుకు పుట్టిన దూడ కాబట్టి, దానికి సుడులు చూడాలని పదేళ్లలో ఆయనకు తోచనే లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. ఆ పదేళ్లలో ఇంట్లో ఇద్దరు మనవలు పుట్టారు, బావిలో నీళ్లు పడ్డాయి. ఒక్క చావు లేదు.

ఇక ఆయనకు నిలకడ లేదు. సంగటి ముద్ద ముందర పెట్టుకుని తినకుండానే లేచిపోయేవాడు. ఊళ్లో ప్రతి కొట్టానికీ వెళ్లి ఎద్దులను తడిమేవాడు. మంచి సుడులున్న ఇళ్లలోనూ అకాల చావులున్నాయి. ఎటు తిరిగినా ఆలోచన గంగక్క దగ్గరికే వచ్చి ఆగేది.

మూడేళ్ల కిందట గంగక్క మొగుడు గోపన్న ఎద్దుకు పాడెసుడి ఉందని చెప్పింది ఈయనే. వాళ్లు భయపడి దాన్ని కసాయికి ఇచ్చేశారు. ఒంటెద్దుతో సేద్యం సాగక గోపన్న బండల గనికి కూలికి పోయాడు. అక్కడ బండ మీదపడి చనిపోయాడు. ఎద్దు పోయినా సుడి వదల్లేదు, బొజ్జన్న మాటకు తిరుగులేదు అని సంతంతా చెప్పుకుంది. ఆయనకు అంత పేరొచ్చింది ఆ చావుతోనే.

ఒకరోజు పొద్దున్నే గంగక్క ఇంటికి పోయి అంతా చెప్పాడు. నేనూ వెంట ఉన్నాను. ఆమె శెనక్కాయలు ఒలుస్తూనే వింది.

“ఎద్దు ఉండింటే ఆయప్ప గనికి యాల పోతాడు? నాకు మూడేండ్ల నుంచి తెలుసు. నాకు చెప్తే ఏమొస్తాది బొజ్జన్నా? పోయి సంతలో చెప్పు.”

ఆ వారమే చెప్పాడు. ఒక రైతు ఎద్దును తెచ్చి నిలబెడితే దాని మీద చెయ్యి వెయ్యలేదు.

“సుడిలో ఏమీ లేదప్పా. నా యెద్దుకే పాడెసుడి ఉండాది. పదేండ్లాయ, నేను బతికే ఉండా.”

జనం శ్రద్ధగానే విన్నారు. వాళ్ల చెవికెక్కింది మాత్రం ఒక్కటే, బొజ్జన్న ఎద్దుకు పాడెసుడి ఉందని. పాపం ముసలాయన అనుకుని, సుడులు చూడ్డానికి తిమ్మయ్యను పిలుచుకుపోయారు.

ఆ తర్వాత అయిదేళ్లు ప్రతి సంతకూ పోయి అదే మాట చెప్పాడు. ఎద్దు ముసలిదై ఆయన కంటే రెండేళ్లు ముందే పోయింది. ఆయన డెబ్బై ఎనిమిదో ఏట నిద్రలో పోయాడు. మోసుకుపోతుంటే వెనక నుంచి ఎవరో, “ఆ సుడి ఊరికే పోతాదా” అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. భుజం మీద పాడె ఉంది కాబట్టి వెనక్కి తిరగలేకపోయాను.